నలభై ఒకటి తర్వాత నలభై నాలుగు

నవంబరు తొలి మంచుతో పాటే దిగింది
నార్త్ ప్లాట్‌లో, నా గ్యారేజీ ముందు,
చెక్కపెట్టెల్లో ముక్కలు ముక్కలుగా ఒక ట్రక్కు.
సంతకం పెట్టించుకుంటూ అడిగాడు తెచ్చిన కుర్రాడు:
"మీ ఆయన ఇంట్లో లేరా?"
"లేడు. ఎప్పుడూ లేడు.
ఆ పెద్దపెట్టె ఎడమగోడకి ఆనించు."

ముప్పై ఒక్కేళ్లు స్కూలు బస్సుల కడుపు కింద
వెల్లకిలా పడుకున్నదాన్ని.
వాటి నూనె నా కనురెప్పల మీదే కారేది.
పసుపు, పసుపు, పసుపు.
పచ్చకామెర్లు నాకో లోకానికో తెలిసేది కాదు.
ఒక్క బండి, ఒక్కటంటే ఒక్కటి
ఎవర్నీ బడికి తీసుకుపోనిది కావాలనుకున్నాను.

పెట్టె విప్పితే ముప్పై నాలుగు నాటి ముఖం,
ఒళ్లంతా ఫైబర్‌గ్లాసు.
వేలితో తడితే ఇనుములా ఖంగుమనలేదు,
ఎండిన సొరబుర్రలా డొల్లగా పలికింది.
పక్కింటి లుమీర్ హ్రుస్కా తలుపు ఒంటిచేత్తో ఎత్తి చూసి
"చెట్టు పేరు చెప్పి కాయలమ్మడం కదా ఇది, ఆర్డిస్" అన్నాడు.
అన్నవాడే
అర్ధరాత్రి దాకా ఫ్రేము అటు కొస పట్టుకున్నాడు.

ఇంజను నేనే వెదికాను,
వడగళ్లకి నుజ్జయిన ఒక డెలివరీ వ్యానులోంచి.
వెనక ఇరుసు ఇంకెవరిదో.
సీటు, నిజం చెప్పాలంటే, తొమ్మిదో నంబరు బస్సుది.
డిపోవాళ్లు తుక్కుకి వేస్తుంటే ఇరవై డాలర్లకి కొన్నాను.
దాని అడుగున ఏ పిల్ల అంటించిందో చూయింగ్ గమ్
రాయై ఉంది.
గీకలేదు.

సూచనల పుస్తకంలో
నలభై ఒకటో పేజీ తర్వాత నలభై నాలుగు.
ఊడిపోయిన ఆ ఒక్క ఆకులోనే ఉంది బ్రేకుల సంగతి.
ఫోను చేస్తే కంపెనీ అమ్మాయి కాస్త సంగీతం వినిపించి వెళ్లిపోయింది.
నవ్వొచ్చింది. బ్రేకులు నాకొకరు చెప్పాలా?
నలభై ఎనిమిది మంది పిల్లలు, మంచు పట్టిన వాలు,
కింద రైలు గేటు
ఒక్కో గొట్టం బిగిస్తూ ఎన్ని ముఖాలు తలుచుకునేదాన్నో.
ఇప్పుడు తలుచుకోవడానికి నా ముఖమొక్కటే.
అలవాటైన చెయ్యి
ఎందుకో రెంచీ జార్చింది.

జనవరిలో ప్రైమరు ఆరనంది.
హీటరు పెడితే వీధి సగానికి కరెంటు పోయింది.
ముందు ఫెండరు రెండూ వంటింట్లో, పొయ్యి పక్కన,
పిలవని చుట్టాల్లా నెలరోజులు కూర్చున్నాయి.
కాఫీ తాగుతూ వాటితో మాట్లాడానని
లుమీర్ అంటాడు. నేను ఒప్పుకోను.

ముదురు ద్రాక్ష రంగు వేశాను, మూడు పూతలు.
సీటు కింద ఒక బ్రాకెట్‌కి మాత్రం పాత పసుపు ఉండిపోయింది.
వంగి చూస్తే తప్ప కనపడదు.
నేను వంగుతూనే ఉంటాను.

మే నెలలో తనిఖీ.
ఇంట గెలిచాం, ఇక రచ్చ.
మీసం ఇంకా సరిగ్గా రాని డెప్యూటీ
అట్ట మీద కాగితం పెట్టుకుని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.
"బండి పుట్టిన సంవత్సరం?"
"దేనిది రాస్తావు నాయనా, ముఖానిదా, గుండెదా, నడుముదా?
పోనీ, మొన్న మంగళవారం
లుమీర్ చేతిలోంచి సోడాసీసా జారిపడ్డప్పుడు
మొదటిసారి దగ్గింది. అది రాసుకో."
పెన్ను కొరుకుతూ ఆ గడి ఖాళీగా వదిలి
పైవాళ్లని అడిగొస్తానని లోపలికెళ్లాడు.

ఇంకా రాలేదు.

గ్లవ్ బాక్సులో ఏడు బోల్టులున్నాయి.
అంతా అయ్యాక మిగిలినవి.
మూడు రాత్రులు టార్చి పట్టుకుని వెదికాను,
వాటికి తగ్గ కన్నం ఎక్కడా లేదు.
ఆ పోయిన ఆకులో ఉందేమో.

ఎండ బానెట్ మీదకి జరిగింది.
ముందు బ్రేకు తొక్కి చూశాను.
గట్టిగా ఉంది.
మళ్లీ తొక్కాను.
అప్పుడు తిప్పాను తాళం.
గ్లవ్ బాక్సులో ఏడూ ఒక్కసారి లేచాయి,
మా సంగతేమిటని.